కిటికీలోంచి వేసిన తువ్వాలు

మా సారు పోయారని ఫోను వచ్చేసరికి నేను తిరుపతి కోర్టు ఎదుట ఎవరిదో అఫిడవిట్ టైపు చేస్తున్నాను. మాట్లాడింది సారు భార్య. మేమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "రాత్రి పడుకున్నాయన లేవలేదమ్మా" అన్నారు. ఆ కాగితం పూర్తి చేసే లేచాను. ఎట్లా చేశానో నాకే తెలియదు.

సారు మా పుత్తూరులోనే సివిక్స్ చెప్పి రిటైరైన మనిషి. లా చదవాలనుకునేవాళ్లకు సాయంత్రంపూట తన ఇంటి వరండాలో లాసెట్ పాఠాలు చెప్పేవారు. ఆయనకు కుర్చీ, మాకు చాప. ఎవరు కొత్తగా వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే.

"బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినావు. నువ్వు ఎక్కేలోగా ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. సీటు ఎవరిది?"

"తువ్వాలు వేసినోళ్లదే సార్" అన్నాను ఠక్కున. తిరుపతి బస్టాండులో రోజూ నేను చేసే పనే కదా.

"సరే. ఇప్పుడు కూర్చున్నాయన తరఫున వాదించు."

తువ్వాలు నాది కాబట్టి సీటూ నాదేనని మళ్లీ అదే చెప్పాను. ఏళ్ల తరబడి అందరి వాదనలూ టైపు చేసి, నాకన్నీ వచ్చనుకునేదాన్ని. ఆ రోజు పొగరు దిగింది. చివరికి ఆయనే చెప్పారు. "తువ్వాలు వేస్తే ఆశ పుడతాది. సీటు మాత్రం వచ్చి కూర్చున్నోళ్లదేనమ్మా."

ఆయన దగ్గర నాలుగింట్లో సరైన జవాబుకు టిక్కు పెడితే చాలదు. మిగతా మూడూ ఎందుకు కావో చెప్పాలి. "తప్పు ఎందుకు తప్పో తెలీకుంటే, కరెక్టుగా రాసినా నీకది రానట్టే" అని తువ్వాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ మళ్లీ మొదటికొచ్చేవారు. ఒళ్లు మండేది. ఇంటికి పోయి అన్నం వండాలి సార్ అంటే, "వండుకుంటా ఆలోచించు, పో" అనేవారు.

అసలు చిక్కు నా డిగ్రీ మార్కులు. పెళ్లయ్యాక ఇంట్లో ఉండి ప్రైవేటుగా కట్టిన డిగ్రీ అది. లాలో చేరాలంటే నలభై అయిదు శాతం ఉండాలి. నాకు కాస్తలో తప్పింది. ర్యాంకు ఎంత బాగా వచ్చినా చేర్చుకోరని తెలిసిన రోజు చాప మీదే కూర్చొని ఏడ్చాను. ఈ వయసులో పిల్లల పక్కన ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాయాలంటే సిగ్గుగా ఉందన్నాను.

"దీంట్లో సిగ్గేముండాదమ్మా? తక్కువొచ్చినాయి. మళ్లీ రాస్తావు. అడ్మిషన్ వచ్చినాక ముందు నాకే చెప్పాల."

రాశాను. మార్కులు సరిపోయాయి. ర్యాంకూ వచ్చింది. కౌన్సెలింగ్ కోసం కాచుకొని ఉండగా ఆయన పోయారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏం పోయేదని నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే.

మొన్న అడ్మిషన్ వచ్చింది. పుత్తూరులో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా సారు వాళ్లింటికి వెళ్లాను. వరండాలో చాప పరిచే ఉంది. కుర్చీ మీద ఆయన తువ్వాలు అట్లాగే పడి ఉంది. మడతపెట్టి లోపల ఇద్దామని చెయ్యి చాచాను.

"ఆడే ఉండనీమ్మా" అన్నారు అమ్మ గడపలోంచి. "దాన్ని చూస్తావుంటే ఆయన యాడికో పోయినాడు, వస్తాడులే అన్నట్టు ఉండాది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చాప మీద రోజూ కూర్చునే చోటే కూర్చొని, "అడ్మిషన్ వచ్చింది సార్" అన్నాను మెల్లగా. పొద్దు వాలి, వరండా అంతా చీకటి పడేదాకా ఆ కుర్చీలోకి ఎవరూ వచ్చి కూర్చోలేదు.