బావ దాచుకున్న ఆట

మా అక్క ఇరవై ఏళ్లుగా వీడియో గేములు బాగుచేస్తోంది. ఏనాడూ ఎవరి సాయమూ అడగలేదు. నిన్న, మంచం పట్టిన బావ ఆడుకునే గేము క్యాసెట్టు విప్పేటప్పుడు నన్ను పిలిచింది.

ఆట ఒక చిప్పులో ఉంటుంది, ఎక్కడికీ పోదు. బావ పదకొండేళ్లు ఆడి, ఎంతవరకు గెలిచాడో దాచుకున్నది మాత్రం పక్క చిప్పులో, చిన్న బ్యాటరీ మీద బతుకుతుంది. ఆ బ్యాటరీ అయిపోవచ్చింది. మార్చేటప్పుడు రెప్పపాటు కరెంటు ఆగినా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ఇంకో బ్యాటరీ తీగలు ఆనించి నన్ను పట్టుకోమంది.

"బస్తాలు మోసేవాడివి, తీగ బరువైందా? కదలకురా! పోతే మీ బావకి ఏం చెప్పను?"

పదేళ్లు వచ్చే కొత్త బ్యాటరీకి టంకం వేసి, క్యాసెట్టు గేములో పెట్టింది. ఆట మొదలైంది. దాచింది కనబడాలంటే ఇంకో మీట నొక్కాలి. అక్క కళ్లు మూసుకుంది.

"నువ్వు నొక్కరా."

నొక్కాను. "ఉందక్కా!"

"ఇంకో పదేళ్లు బతికాం" అంటూ నేలమీద కూలబడింది.