గని మలుపులో ఆగని బస్సు

ప్రజా రవాణా చట్టంలో మార్పులు తేబోతున్నారని, నష్టాలొచ్చే దారుల్లో బస్సులను ప్రైవేటువాళ్లకు అప్పగించి, ఎక్కడ ఆపాలో ఎక్కడ ఆపక్కర్లేదో వాళ్లనే నిర్ణయించుకోనిస్తారని, అభ్యంతరాలుంటే రాసి పంపవచ్చని మొన్న పొద్దున పేపర్లో చదివాను. కండక్టరుగా రిటైరై కర్నూల్లో ఇంటిపట్టున ఉంటున్న నాకు ఆ వార్త దగ్గరే చూపు ఆగిపోయింది.

ఆడవాళ్లను కండక్టర్లుగా తీసుకోవడం మొదలైన తొలి రోజుల్లో చేరినదాన్ని నేను. మా నాయన బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టీ పట్టీ, ఆ పొడి గుండెల్లో చేరి మంచాన పడ్డాక ఇల్లంతా నా జీతం మీదే నడిచేది కాబట్టి, ఉద్యోగమంటే నాకు ఇష్టంకన్నా భయమే ఎక్కువగా ఉండేది. పొద్దున్నే బేతంచెర్ల నుంచి కర్నూలు పోయే ఎక్స్‌ప్రెస్ నా డ్యూటీ. డ్రైవరు నాకన్నా పదిహేనేళ్లు పెద్దవాడు. నన్ను పాపా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. జనం ఎక్కకముందే రెండు ముద్దలు తినకపోతే మధ్యాహ్నందాకా పస్తేనని నాకు నేర్పింది ఆయనే. జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టేవాడు.

ఆ దారిలో గని మలుపు అని ఒకచోట ఉంది. రాళ్ల గనుల్లో పనిచేసేవాళ్ల గుడిసెలు అక్కడే ఉన్నా మా బస్సుకు స్టాపు లేదు. ఒకసారి అక్కడ ఒక ముసలామెను దించినందుకు చెకింగ్‌వాళ్లు నాకు మెమో ఇచ్చారు. ఇంకొకటి వస్తే ఉద్యోగం పర్మినెంటు కాదని డిపోలో చెప్పి పంపారు.

ఎండాకాలంలో ఒక పొద్దున, ఆ మలుపులో ఒకామె రోడ్డంచున నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఆమె వెనక గోనెపట్టా మీద ఒక మనిషిని పడుకోబెట్టి ఇద్దరు పట్టుకుని ఉన్నారు. డ్రైవరు వేగం తగ్గించి అద్దంలో నా వైపు చూశాడు.

"ఆపేదా పాపా?"

నా చెయ్యి గంట తాడును రెండుసార్లు లాగింది. రెండు గంటలంటే పొమ్మని. ఎవరో తాగి పడుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

అతను తాగి పడలేదు. రాతిపలక దొర్లి తొడల మీద పడిందని, గంట తర్వాత దొరికిన లారీలో ఎక్కించారని, ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయిందని మర్నాడు బస్సులో అనుకుంటుంటే విన్నాను. మూడోనాడు ఆ ఇంటికి పోయాను. ఆ పొద్దున చేతులూపింది అతని భార్యే. ఆ కండక్టరు నేనేనని చెప్పి, తొందరలో సరిగా చూడలేదని అబద్ధమాడబోయాను.

"చూసినావులేక్కా," అందామె, గొంతు పెంచకుండా. "నేను నీ మొగమే చూస్తా ఉంటి."

ఆనాటి నుంచి డ్రైవరన్న నన్ను అడగకుండానే ఆ మలుపులో రోజూ బస్సు ఆపాడు, నేనూ ఆపమనే గంట కొట్టాను. మెమోలొచ్చాయి. ఆయనకు ఇంక్రిమెంటు ఆపారు. నా ఉద్యోగం పర్మినెంటు కావడం వాయిదా పడుతూ పోయింది, ఆ సంగతి చూడకుండానే మా నాయన పోయాడు. ఆ మలుపువాళ్లు అర్జీల మీద అర్జీలు పెట్టాక చివరకు స్టాపు మంజూరైంది. పాలిష్ పనికి కుదిరిన ఆమె అక్కడే ఎక్కేది, టికెట్ తీసుకునేది, ఆనాటి మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

నిన్న అభ్యంతరం రాసి, ఆమె చేత కూడా సంతకం పెట్టిద్దామని ఆ మలుపుకు పోయాను. ఆమెకు జుట్టంతా నెరిసింది. కాగితం ఓపిగ్గా చదివించుకుని విన్నది.

"పెడ్తాగానీ, బస్సు యాడుండాదక్కా? ఈ దావన పైవేటు బస్సులే తిరుగుతాండాయి, ఈడ ఆపడం మానేసి రెండేండ్లాయ. ఆటో నిండితేనే పోతాండాం."

చట్టం ఇంకా మారనే లేదు, ఆ మలుపులో మాత్రం ఎప్పుడో మారిపోయింది. ఇల్లు కదలని నాకే తెలియలేదు. మా రోజుల్లో బస్సు ఆపకపోతే తప్పెవరిదో తెలిసేది, తిట్టడానికైనా ఒక మనిషి దొరికేది.

తిరిగొస్తూ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను. జ్వరంతో కాలిపోతున్న పిల్లను భుజాన వేసుకుని ఒక పడుచు నా పక్కనే నిలబడింది. రెండు ప్రైవేటు బస్సులు వచ్చాయి. రెండింటికీ చెయ్యెత్తింది, రెండూ దుమ్ము లేపుకుంటూ పోయాయి. మూడోది వచ్చినప్పుడు ఆమె చెయ్యెత్తలేదు.