బెల్లం మీసం

నా పదహారో ఏట మూతి మీద మీసం ఒక్క పూట ఉన్నది. ఆ ఒక్క పూటల అది మా బడి పరువు మొత్తం తీసింది. చెప్త ఇనుండ్రి. నవ్వద్దంటె మీరు ఆగుతరా ఏంది?

బోధన్‌ల పదో తరగతి సదువుతున్న. క్లాసుల అందరికి మీసాలొచ్చినయి. నా పక్కన కూసునే సాయిలుగానికైతె గడ్డం సుత. నా మూతి మాత్రం కడిగి బోర్లిచ్చిన అన్నం తలె లెక్క నున్నగ ఉండె.

"ఏందే పోరి, జడేసుకోలే?" అని సాయిలు రోజు ఎక్కిరిచ్చెటోడు. కోపమొచ్చేది, ఏడుపు సుత వచ్చేది.

అంతల నిజామాబాద్ నుంచి ఫోటో ఆయన వస్తున్నడని తెలిసింది. క్లాసు మొత్తానికి ఒక్క ఫోటో. నా బతుకుల అదే మొదటిది. గోడకు తగిలిస్తె సచ్చేదాంక ఉంటది. అండ్ల పోరి లెక్క పడితె ఎట్ల?

మా బాపు చెరుకు గానుగాడి బెల్లం వండేటోడు. కడాయి కాడ పెరిగినోనికి పాకం కంటె గట్టి జిగురు లోకంల లేదు. ఫోటో నాడు పొద్దుగాల మా నల్లమేక ఎంట్రుకలు కత్తిరిచ్చి, ముదురు పాకం తోని మూతికి అతికిచ్చుకున్న. అద్దంల సూస్తె తహసీల్దార్ లెక్కున్న. నాకు నేనే నమస్తె పెట్టుకున్న.

బడికి పోతె సాయిలు నోరు తెరిచిండు. "రాత్రికి రాత్రె ఎట్లొచ్చిందిర?"

"మా ఇంటోళ్లకు గట్లనె వస్తది."

"మేక వాసనొస్తుంది గదర?"

"మొగోని వాసన గట్లనె ఉంటది. నీకింక తెల్వది."

మమ్ముల ఎండల నిలవెట్టిండ్రు. ముంగట కుర్చీల హెడ్మాష్టర్ సారు, ఆయన ఎనకనె నేను, నా పక్కన సాయిలు. ఫోటో ఆయన నల్లబట్టల తల దూర్చి, "ఒక్కడు కదిలినా ఫోటో ఖరాబ్," అన్నడు.

ఎండకు పాకం కరుగుడు షురువైంది. పెదవి మీదికి తియ్యగ కారింది. నాలుకతోని సుత నాకలే. అంతల ఒక తేనెటీగ వచ్చి మీసం మీద కూసున్నది. కదల్లే. చెరుకు తోటల నడుమ బతికే ఈగలాయె, సుట్టాలందర్ని పిల్సుకొచ్చింది.

"సాయిలూ, కొట్టుర," అన్న, పెదవులు కదలకుంట.

"ఫోటో ఖరాబైతది," అన్నడు వాడు, వాడు సుత పెదవులు కదలకుంట.

ఒకటి కుట్టింది.

"ఓ యవ్వో!" అని మూతి మీద కొట్టుకున్న. మీసం ఊడి, ఎగిరి, హెడ్మాష్టర్ సారు బట్టతల మీద అతుక్కున్నది. ఈగలు దాని ఎనకనె పోయినయి. సారు గంత జోరుగ ఉరుకుతడని మాకు అప్పటిదాంక తెల్వది.

సారును పట్టుకొచ్చి మళ్ల కూసోవెట్టేసరికి మీసం లేదు, నా పై పెదవి మాత్రం వంకాయంత వాసింది. "నవ్వు బాబు," అన్నడు ఫోటో ఆయన. నవ్వుదామంటె మూతి మాట ఇనలే.

ఫోటో ఇంటికొచ్చిననాడు మా అవ్వ చేతులు కొంగుకు తుడ్సుకోని, ఒక్కొక్క మొఖం మీద ఏలువెట్టి సూసింది.

"నా కొడుకేడిర?"

"గీడున్న గదనె అవ్వ."

"గీడెవడో మూతి వాసినోడు. నా కొడుకు మొఖం నున్నగ, ముద్దుగుంటది. నేను గుర్తువట్టనా?" అని మళ్ల మొదటి నుంచి ఎతుకవట్టింది.

నాకు నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లు సుత వచ్చినయి. నేను దాసిపెట్టాలనుకున్న మొఖాన్నే అవ్వ ఎతుకుతున్నది.

అవ్వ ముంగటనె నిలవడి ఒట్టువెట్టుకున్న: దేవుడు మొలిపిచ్చింది తప్ప ఈ మూతి మీద ఏది పెట్ట. బెల్లమంటరా, అది ఇగ నోట్లెకే పోవాలె, మూతి మీద ఆగద్దు.