మాగాళి గడ్డ వాసన

నా చిన్నప్పుడు పుంగనూరు పక్కన మా పల్లెలో ఎవరు మాగాళి గడ్డల ఊరగాయ జాడీ మూత తీసినా వీధి చివరిదాకా తెలిసిపోయేది. అంత ఘాటైన వాసన ఆ వేరుది. కొండమీద తీగగా పెరిగేది. మాకందరికీ ఇష్టం. ఇష్టం కాస్త ఎక్కువై, తీగలను వేళ్ళతో సహా పెకలించి తిన్నాం. చివరికి మాకు తెలిసిన కొండలో ఒక్క తీగ మిగిలింది. అప్పుడు గాని మా వీధికి దానిమీద గౌరవం కలగలేదు.

కాయలు పగిలితే గింజలు దూదిలా గాలికి పోతాయని, మా అవ్వ పాత రవిక గుడ్డలతో వాటికి ముసుగులు కట్టింది. ఆ గింజల్లో మొలిచినవాటిని పాల కవర్లలో మట్టి నింపి ఇంటికొకటి పంచారు. వానలు పడ్డాక అందరూ కలిసి కొండమీద నాటాలని మాట. మా ఇంటి మొక్కను అవ్వ నా చేతికిచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

చాలా బాధ్యతగా పెంచాను. నీళ్ళు పోశాను, కోళ్ళను తరిమాను, గడ్డ ఊరిందో లేదో అని దినమూ బడికి పోయేముందు మొక్కను పెరికి చూసి మళ్ళీ పాతాను. పదిరోజులకు అది నా పర్యవేక్షణ భరించలేక ఎండిపోయింది. ఎవరికీ చెప్పకుండా ఆ ఎండుపుల్లకే నీళ్ళు పోస్తూ, వాన రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను. మా వైపు ఆ కోరిక తీర్చడం దేవుడికి పెద్ద కష్టం కాదు. ఆ ఏడు మాత్రం వాన సమయానికే వచ్చింది.

నాటే రోజు అందరూ కవర్లతో బయలుదేరారు. "ఏమ్మే, నీ మొక్క యాడ?" అంది పక్కింటి అత్త. నేను నోరు తెరిచేలోగా అవ్వ దొడ్లోంచి పచ్చటి మొక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఈడుండాది కదా" అంది.

కొండెక్కేదాకా ఓర్చుకున్నాను. గుంట ముందు కూర్చున్నాక ఏడుపు ఆగలేదు.

"ఇది నాది కాదవ్వా. నాది సచ్చిపోయింది."

"తెలుసులేమ్మా. దినామూ నీ సేతి యేళ్ళు మాగాళి వాసన కొడతాంటే నాకు తెలీదా?"

"మరి యాల తిట్టలేదు?"

"నీ వయసులో నేను సెనక్కాయ సెట్లు పెరికి సూసినదాన్నే. అందుకే పంచంగా మిగిలింది ఒకటి దాసిపెట్టినా. పెరికి సూసేదానికొకటి, పెరిగేదానికొకటి. ఇంక పూడ్చు, వానొస్తాండాది."

ఆ తీగ బతికింది. దాని గడ్డ ఎంత ఊరిందో నేనింతవరకూ తవ్వి చూడలేదు.

ఇప్పుడు మదనపల్లెలో మా వీధి పిల్లలకు మాగాళి మొక్కలు ఇస్తుంటాను. ఒకటి వాళ్ళ చేతికిస్తాను, ఇంకొకటి పెరట్లో దాస్తాను. వారం తర్వాత వాళ్ళను మాటల్లో పెట్టి, మెల్లగా వాళ్ళ చేతివేళ్ళు వాసన చూస్తాను.