ఒక వేలు లారీ, మూడు వేళ్లు దారి

మొన్న అరకు బస్సులో డ్రైవరు కూర్చోగానే పక్క అద్దాన్ని వేలితో కొద్దిగా జరిపాడు. నాకు నాయన గుర్తొచ్చాడు.

అప్పుడు నాకు ఏడేళ్లు. నాయన పార్వతీపురం నుంచి కొండమీది సంతలకు లారీ తోలేవాడు. దాని అద్దం వెడల్పు నాలుగు వేళ్లు. అందులో ఒక వేలు మేర లారీ, మూడు వేళ్ల మేర దారి కనబడాలన్నది ఆయన లెక్క. ఒక సంతరోజు ఆయన లేనప్పుడు నేను ఆయన సీట్లో కూర్చుని చూస్తే అద్దంలో మబ్బులే ఉన్నాయి. చెడిపోయిందనుకుని, దారి కనబడేదాకా కిందికి వంచాను.

నాయన లారీని వెనక్కి తీయబోతూ, అద్దంలో దగ్గరి నేల తప్ప దారి కనబడక ఆగిపోయాడు. వేళ్లు ఆనించి కొలిచాడు. దిగి వెనక్కి నడిచాడు. లారీ నీడలో, విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపుకు ఆనుకుని ఒక కొండ ముసలమ్మ కునుకుతోంది.

"లెగమ్మా, లారీ ఎనక్కొస్తంది," అంటూ మోపు తానే ఎత్తాడు.

"నా నీడ పట్టుకుపోతన్నావేటి బాబూ!" అందామె.

నాకు ఏడుపొచ్చింది. "అద్దం నేనే దించినాను నాయినా. మబ్బులే అగుపించినాయి."

ఆయన తిట్టలేదు. మళ్లీ సీట్లో కూర్చుని నన్ను తన కంటి ఎత్తుకు ఎత్తి పట్టుకున్నాడు. "నీ కంటికి సరిపోయినాది గుంటా. తోలేది నేను గదా?" అని అద్దం పైకి జరిపాడు. ఒక వేలు లారీ, మూడు వేళ్లు దారి. ఆ దారిలో మోపు నెత్తిన పెట్టుకుని వెళ్తున్న ముసలమ్మ, నా గోరంత.

మొన్న బస్సులో నేను కూర్చున్న చోటికి ఆ అద్దంలో ఆకాశమే కనబడింది. నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను.