కింద మనిషి

ఆ సాయంత్రం సారా కొట్టు గుమ్మం దాకా వెళ్ళిన మనిషిని వెనక్కి తిప్పింది ఎవరు?

ఇన్నేళ్ళయినా దీనికి జవాబు దొరకలేదు. జవాబు తెలిసి ఉండాల్సిన ఒకే ఒక్క మనిషి అడిగినప్పుడల్లా మాట దాటేశాడు. అడుగుతూ వచ్చింది ఆయన భార్య. ఆమెకిప్పుడు మోకాళ్ళు వంగవు, చూపు ఆనదు, కానీ ఆ ప్రశ్న మాత్రం అరగలేదు.

ఆయన్ని అందరూ "గోడ" అనేవాళ్ళు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు, అంత మనిషి. ఆమె ఆయన భుజం దాకా కూడా రాదు. పెళ్ళిరోజున వరుసైనవాళ్ళెవరో "గోడకి మేకు దొరికిందిరోయ్!" అని అరిచారు. అంతే, ఆమెకి ఆ పేరు అంటుకుపోయింది. "మేకు లేకపోతే గోడకి ఏం తగిలిస్తారులే" అని ఆమె కూడా ఊరుకోకుండా అనేది.

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మొయ్యడం ఆయన పని. మొదట్లో తోపుడు బండి, తర్వాత అద్దె వ్యాను. ఆయన చొక్కాలకి ఎప్పుడూ గోనె వాసన, తాడు వాసన, ఎవరివో పాత బీరువాల్లోని కలరా ఉండల వాసన. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకి ముందు గుర్తొచ్చేది ఆ వాసనే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఆమె పని. రోజంతా సబ్బూ ఆవిరీ పీల్చి ఇంటికొచ్చేసరికి ఆ గోనె వాసన హాయిగా ఉండేది.

ఆయనకి జోడీ ఈల. ఈల అంటే ఆమె సొంత తమ్ముడే. చిన్నప్పటి నుంచీ నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని ఈల వేస్తూ తిరిగేవాడు. ఇంట్లో తిట్లు తెచ్చిన ఆ విద్యే చివరికి పనికొచ్చింది. బరువైన వస్తువు మెట్లెక్కించాలంటే ఇద్దరు కావాలి, ఒకడు కింద, ఒకడు పైన. భారమంతా కింద మనిషిది. అతని మొహానికి బీరువా అడ్డం. చెక్కో ఇనుమో తప్ప ఇంకేమీ కనపడదు. పై మనిషి వెనక్కి నడుస్తూ, భుజం మీదుగా చూసుకుంటూ చెబుతాడు, "మెట్టు", "మలుపు", "గోడ తగులుతుంది, కుడికి" అని. కింద మనిషి ఆ మాట నమ్మి అడుగెయ్యాలి. ఆగాలంటే ఈల.

కింద మనిషికి ఉన్నది ఒకటే మాట, "దించు". చేతులు పట్టు తప్పుతున్నాయంటే అది అతనికే తెలుస్తుంది గనక ఆ మాట అనాల్సింది అతనే. అన్నాక ఎందుకని ఎవరూ అడగరు. ఉన్నచోటే మెట్టు మీద దించి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎత్తుకుంటారు. గోడ మాత్రం ఆ మాట తన జన్మలో అనలేదని గొప్పగా చెప్పుకునేవాడు. మోసేవాళ్ళంతా ఒప్పుకునేవాళ్ళు కూడా.

ఆయనకి పొద్దున్నే ఒక తంతు ఉండేది. పెళ్ళికి ముందు బాగా తాగేవాడట. బాప్తిస్మం తీసుకున్న రోజున మానేశాడు. అప్పటి నుంచీ పనికి బయల్దేరేముందు, సాతానుని ఎదిరించడానికి తొడుక్కోమని బైబిల్లో చెప్పిన సర్వాంగ కవచం తొడుక్కునేవాడు. వెడల్పాటి తోలు బెల్టు నడుముకి బిగిస్తూ "సత్యం" అనేవాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ "నీతి". చెప్పులు తొడుక్కుంటూ "సమాధానం", అంటే శాంతి. తల మీద గుడ్డ చుట్టుకుంటూ "రక్షణ". బరువుకీ ఒంటికీ మధ్య వేసుకునే మందపాటి దుప్పటి మడత భుజాన వేసుకుని "విశ్వాసం" అనేవాడు.

ఈల గుమ్మంలో నిలబడి చూస్తూ, "బావా, కత్తి మర్చిపోయావు" అనేవాడు.

"కత్తంటే దేవుడి వాక్యంరా. అది నోట్లో ఉంటుంది."

"ఆహా, అందుకా! అయితే అది అక్క నోట్లో ఉంది, రోజూ చూస్తున్నాగా."

"ఒరేయ్, నీకు టీ లేదు పో" అనేది ఆమె లోపల్నించి.

బెల్టు నడుముకి ఉండగా ఆయన అబద్ధం చెప్పేవాడు కాదు. అది ఆయన పెట్టుకున్న నియమం. దాన్ని ఆమె బాగా వాడుకుంది. ఏదైనా గట్టిగా అడగాలనుకుంటే ఆయన బయల్దేరేదాకా ఆగి, బెల్టు బిగించాక అడిగేది. "ఇప్పుడు చెప్పు, ఈ చీర నాకు బాగుందా?" ఆయన అటు చూసి, ఇటు చూసి, "పనికి పొద్దుపోతోంది" అని జారుకునేవాడు.

బలమంతా దేవుడిదే అని ఆయన నోటితో అనేవాడు. తన కండల సంగతి మాత్రం తనకి తెలుసు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఆమెకి అప్పుడు తట్టలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం పాతకాలపు మేడ ఒకదానికి ఇనప బీరువా ఎక్కిస్తున్నారు. మెట్లు ఇరుకు, పైగా మెలి తిరిగి ఉన్నాయి. సగం ఎక్కేసరికి కింద నుంచి బీరువా సన్నగా వణకడం పైన ఈలకి తెలిసింది.

"బావా, దించుదామా?"

"ఎక్కు."

"చేతులు చెమటపట్టాయి నీకు. నాకు తెలుస్తోంది."

"ఒక్క మలుపే కదరా! నోరు మూసుకుని ఎక్కు."

మలుపులో పట్టు జారింది. బీరువా పక్కకి ఒరిగి ఈల మోచేతిని మెట్ల పక్క గోడకి అదిమేసింది. గోడ ఆ బీరువాని ఒక్కడే లాగి పడేసి, బావమరిదిని చంటిపిల్లాడిలా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. చెయ్యి దక్కింది కానీ మళ్ళీ చాపడానికి రాలేదు.

ఈల బావని తప్పుపట్టలేదు. కట్టుతో మంచం మీద పడుకుని, "ఈల వెయ్యడానికి ఒక చెయ్యి చాల్లే బావా" అని నవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నవ్వు గోడ గుండెల్లో గుచ్చుకుంది. ఆ తర్వాత ఆయన బావమరిది గడప తొక్కలేదు. బెల్టు కొక్కేనికి తగిలించేశాడు. ఎప్పుడో మానేసిన తాగుడు, దారి మర్చిపోని చుట్టంలా మళ్ళీ ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

ఆమె యుద్ధానికి దిగింది. సీసా దొరికితే పారబోసింది. చెప్పులు దాస్తే వట్టి కాళ్ళతో వెళ్ళాడు. ఏడ్చింది, తిట్టింది, మాట్లాడ్డం మానేసింది. చివరికి సంఘంలో ప్రార్థన పెద్దమ్మని పిలిచింది. పెద్దమ్మ నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చి, గది మధ్యలో నిలబడి, కొంగు బిగించింది.

"ఆ సాతానుని, అపవాదిని కాళ్ళ కింద తొక్కాలమ్మా! తొక్కండి!"

అందరూ నేలమీద దబదబా తొక్కారు. కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన చీపురుకర్రతో తన పైకప్పుని పొడిచాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకునే, "విన్నారా, వాడు తిరగబడుతున్నాడు! ఇంకా గట్టిగా!" అంది. కాసేపటికి గడియారాలాయన కంటి భూతద్దం నుదుటి మీదకి నెట్టుకుని పైకి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, మీరు తొక్కేది ఎవర్నో గానీ, నా బల్ల మీద స్క్రూలన్నీ కింద పడుతున్నాయి."

ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. పెద్దమ్మది మంచి మనసే, ఉపవాసాలుండి మరీ ప్రార్థించింది. కానీ ఆ గొడవంతా మెట్ల మీద నుంచి విన్న గోడ ఇంట్లోకి రాకుండా వెనక్కి తిరిగి కొట్టుకే వెళ్ళాడు.

పాస్టరుగారు వచ్చి, "మన పోరాటం మనుషులతో కాదమ్మా, దురాత్మలతో" అన్నారు.

"తాగి వచ్చేది మనిషే కదండీ?" అంది ఆమె.

పాస్టరుగారు ఒప్పుకున్నారు. "నిజమే. నేను చెప్పినంత తేలిక కాదు" అని, టీ తాగి వెళ్ళారు. ఆ మాట ఆమెకి ఎన్నో ప్రసంగాల కంటే ఎక్కువ నచ్చింది.

ఒక రోజు పొద్దున ఆమె తేల్చి చెప్పేసింది. "ఈ రోజు కూడా తాగి వస్తే నేను మా తమ్ముడింటికి వెళ్ళిపోతా. మళ్ళీ రాను." ఆమె ఊరికే అనలేదు. సాయంత్రం పని నుంచి రాగానే తన బట్టలు నాలుగూ ఒక దుప్పట్లో మూట కట్టింది. మూట మీదే కూర్చుంది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. వచ్చింది ప్రార్థన కాదు, తగువు.

"నా వల్ల కాదు. ఇన్నాళ్ళూ నేనే మోశాను. భుజాలు పడిపోయాయి. నీ మనిషి, నీ ఇష్టం. మోస్తే మొయ్యి, లేకపోతే లేదు."

ఆమేన్ కూడా అనలేదు. కొక్కేనికి వేలాడుతున్న బెల్టు వైపు చూస్తూ కూర్చుంది.

కిటికీలో ఇంకా ఎండ ఉండగానే మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తడబడని అడుగులు. ఆయన వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"తాగలేదా?"

"లేదు."

"కొట్టు మూసేశారా?"

"తెరిచే ఉంది. గుమ్మం దాకా వెళ్ళాను. తలుపు మీద చెయ్యి కూడా వేశాను."

"మరి?"

ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "దించు అన్నాను."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఎవరితో?"

"ఏమో. పైకే అనేశాను. లోపల కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఒక్క అడుగు లోపలికి వేస్తే నువ్వు ఉండవని తెలుసు. అయినా కాళ్ళు లోపలికే లాగుతున్నాయి. ఇక నా చేతుల్లో లేదనిపించింది. అప్పుడు అన్నాను. అవతలి పక్క ఎవరో పట్టుకున్నట్టు బరువు తగ్గింది. తిరిగి చూస్తే మన వీధిలో ఉన్నాను."

"ఎవరు పట్టుకున్నారు?"

"కింద మనిషికి పై మనిషి కనపడడు కదే, మేకూ."

కాసేపటికి ఆయన కళ్ళు ఆమె కిందున్న మూట మీద పడ్డాయి. "ఆ మూటేంటి?"

"ఉతకాల్సిన బట్టలు" అంది ఆమె. నడుముకి బెల్టు కట్టుకునే నియమం ఆమెకి లేదు కదా.

మర్నాడు పొద్దున ఆయన కొక్కెం మీది బెల్టు తీసి, దుమ్ము దులిపి, బిగించుకున్నాడు. "సత్యం" అన్నాడు. నేరుగా ఈల ఇంటికి వెళ్ళాడు. ఆమె కూడా వెనకే వెళ్ళింది, ఎందుకైనా మంచిదని.

"నువ్వు దించుదామన్నావు. నేను వినలేదు. నీ చెయ్యి నేనే విరిచాను" అన్నాడు గుమ్మంలోనే.

"ఇంతకాలం పట్టిందా ఇక్కడిదాకా రావడానికి? రెండు వీధులే కదా బావా."

"పనిలోకి రారా. నువ్వేం ఎత్తక్కర్లేదు. పై కొస పట్టడానికి వేరేవాణ్ణి పెడదాం. నువ్వు ముందు నడుస్తూ చెప్పు, చాలు. నువ్వు ఆగమంటే ఆగుతా."

"బెల్టు కట్టుకునే చెబుతున్నావా?"

ఆయన చొక్కా పైకెత్తి చూపించాడు. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఈల తన మంచి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన మెట్ల మీద "దించు" అనడం మొదలుపెట్టాడు. ప్రతి మలుపులోనూ అనేవాడు. ఇంటివాళ్ళు విసుక్కునేవాళ్ళు, "ఇంత మనిషివి, ఇన్నిసార్లు దించుతావేంటయ్యా?" అని. "నా బలం ఇంతేనండీ" అనేవాడు సిగ్గుపడకుండా. ఒకప్పుడు ఆ మాట అనమంటే ప్రాణం పోయినా అనేవాడు కాదు.

అంతటితో అన్నీ చక్కబడిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. చాలా ఏళ్ళు ఆయన ఆ కొట్టున్న వీధి వదిలి చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు. కొన్ని సాయంత్రాలు రెండు చేతులతో గడప పట్టుకుని కూర్చుని, పెదవులు కదుపుతూ ఉండేవాడు. ఆమె పక్కనే కూర్చునేది. తొక్కడాలూ అరుపులూ లేవు. ఒకసారి ఆ బిగువు సడలాక, "యుద్ధం అయిపోయిందా?" అని అడిగింది.

"భోజనానికి ఆగింది" అన్నాడు.

మోసేవాళ్ళలో ఒక అలవాటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆఖరి సామాను బయటికి పట్టుకెళ్ళేవాడు వెళ్ళొస్తానని చెప్పడు. వట్టి గదుల్లో నిలబడ్డవాళ్ళకి ఆ మాట వింటే ఏడుపొస్తుందట. అందుకని చప్పుడు లేకుండా దాటిపోతాడు. గోడకి ఆ అలవాటు ఇంట్లోనూ ఉండేది. పొద్దున్నే కవచం తొడుక్కోవడం కనిపించేది, వెళ్ళడం కనిపించేది కాదు. తలెత్తి చూస్తే గుమ్మం నిండా వెలుతురు ఉండేది. అంటే పనికి వెళ్ళిపోయాడన్నమాట.

చివరి రోజుల్లో ఆయన బాగా చిక్కిపోయాడు. మంచం మీద గోడ కాదు, గోడ నీడ ఉన్నట్టుండేది. ఒక పొద్దున కొంచెం తేరుకుని, దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన చేతుల మీద పడుతోంది. ఆమెకి పాత అల్లరి గుర్తొచ్చింది. కొక్కెం మీది బెల్టు తెచ్చి, దుప్పటి మీద నుంచే ఆయన నడుముకి చుట్టింది. చివరి రంధ్రంలో పెట్టినా వదులుగానే ఉంది.

"సత్యం" అన్నాడు ఆయన, చెప్పకుండానే.

"ఇప్పుడు తప్పించుకోలేవు. ఆ రోజు కొట్టు గుమ్మంలో నిన్ను పట్టుకుంది ఎవరు? చూశావా, లేదా?"

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. పాత గోడకి పడ్డ బీటల్లా మొహం నిండా ముడతలు, వాటి మధ్య ఒక నవ్వు. చెప్పబోతున్నట్టే నోరు తెరిచాడు.

"పాలు పొంగుతున్నాయి, చూడు" అన్నాడు.

"మాట మార్చకు" అంటూనే ఆమె వంటింట్లోకి నడిచింది. పాలు నిజంగానే పొంగుతున్నాయి. పొయ్యి ఆపి, గిన్నె దించి, ఆయన గ్లాసులో పోసి, చల్లార్చుకుంటూ వచ్చింది.

బెల్టు దుప్పటి మీద అలాగే ఉంది. దిండు మీద పక్కకి ఒరిగిన తల మీద ఎండ ఉంది. ఆయన వెళ్ళిపోయాడు, ఎప్పట్లాగే, చెప్పకుండా.