వెనక నడిచే పిల్ల

2022 వానాకాలం. ఛత్తీస్‌గఢ్‌లో తెలంగాణ సరిహద్దు దగ్గర, భోపాల్‌పట్నం దాటి తర్లగూడ వైపు వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న ఒక ప్రభుత్వ బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను సైన్సు టీచర్ని. ఆశ్రమ పాఠశాల అంటే బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉంటాయి. పిల్లలంతా చుట్టుపక్కల ఊళ్ళ దోర్లా, గోండు గిరిజన రైతు కుటుంబాల వాళ్ళు. వాళ్ళకి ఇంట్లో ఒక భాష, సంతలో తెలుగు, పుస్తకంలో హిందీ. నాదీ ఇంచుమించు అదే బతుకు. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి వచ్చి కిరందుల్ గనుల్లో డంపర్ నడిపారు. నేను కంపెనీ క్వార్టర్లలో తెలుగు మాట్లాడుతూ, బళ్ళో హిందీలో చదువుతూ పెరిగి, పక్కనే ఉన్న బీజాపూర్ జిల్లాలో ఉద్యోగంలో చేరాను. బదిలీకి పెట్టుకోమని చెప్పీ చెప్పీ మావారు అలిసిపోయారు.

ఆ ఏడు పదో తరగతికి ట్యాబ్లెట్లు వచ్చాయి. పిల్లలు మొదటిరోజే వాటికి 'పలకలు' అని పేరు పెట్టేశారు. వాటిలో నడిచే పద్ధతిని 'అడాప్టివ్ లెర్నింగ్' అంటారు. అందరికీ ఒకే పాఠం ఒకేసారి చెప్పకుండా, ఏ పిల్ల ఎంతవరకు వచ్చిందో చూసి ఆ పిల్లకి తగిన పాఠం యంత్రమే ఇస్తుంది. లెక్క తప్పితే కింది మెట్టుకి దింపి మళ్ళీ నేర్పుతుంది, ఒప్పయితే పై మెట్టు తెరుస్తుంది. మా దగ్గర నెట్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని చుట్టం కాబట్టి, పాఠాలన్నీ ఒక పెట్టెలో నింపి తెచ్చారు. గోడకి ఒక టీవీ బిగించారు. దాన్ని 'డ్యాష్‌బోర్డ్' అన్నారు. అందులో పిల్లలందరి పేర్లూ ఉంటాయి. పాఠం పూర్తయిన పిల్ల పేరు పక్కన ఒక పచ్చజెండా లేస్తుంది.

నాకు ఇలాంటి వాటి మీద అంత తొందరగా గురి కుదరదు. పై నుంచి దిగే పథకాల ఆరంభశూరత్వం చాలా చూశాను. కానీ ఉన్నమాట చెప్పాలి. నేను నెలల తరబడి గొంతు చించుకున్నా భిన్నాలు ఎక్కని ఒక పిల్లకి ఆ పలక చల్లగా నేర్పేసింది. అది విసుక్కోదు, పక్కవాళ్ళ ముందు నవ్వులపాలు చెయ్యదు. నాకు ఆ రెండు సుగుణాలూ తక్కువే. అందుకని నేనూ దానికి మెల్లగా అలవాటు పడ్డాను.

అందరి జెండాలూ లేచాక ఆఖర్న లేచే జెండా ఒకటుండేది. అది కుర్సం జానకిది. వాగు అవతలి ఊరి దోర్లా పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నోట్లో నాలుక లేదా అన్నట్టు కూర్చుంటుంది. అడిగితే తప్ప చెప్పదు, అడిగితే మాత్రం తప్పు చెప్పదు. ఒకసారి బోర్డు దగ్గరికి పిలిచి రసాయన సమీకరణం తుల్యం చెయ్యమంటే, నేను చెమట తుడుచుకునేలోగా చేసేసి వెళ్ళి కూర్చుంది. అలాంటి పిల్ల పలక మీద రోజూ చిట్టచివర ఉండటమేమిటో నాకు అంతుపట్టలేదు.

జానకికి ఒక కోరిక ఉండేది. చిన్నప్పుడు వాళ్ళ తమ్ముడికి చలిజ్వరం వస్తే ఆస్పత్రికి మోసుకెళ్ళారట. అక్కడ ఒకామె వేలి నుంచి రక్తం చుక్క తీసి, గాజుపలక మీద పూసి, సూక్ష్మదర్శినిలో చూసి మలేరియా అని చెప్పిందట. "ఒక్క రక్తం చుక్కల అంత దూరం చూసింది మేడం. నేను గూడ చూడాలె" అంది నాతో. ల్యాబ్ టెక్నీషియన్ కావాలంటే పదకొండో తరగతిలో బయాలజీ తీసుకోవాలి. అది దక్కుతుందా లేదా అన్నదే ఆ ఏడు ప్రశ్న అయింది.

ఎందుకంటే దసరా ముందు దీపక్ గారు వచ్చారు. ఈ ట్యాబ్లెట్ల కార్యక్రమం చూసే కుర్రాడు, రాయపూర్ మనిషి. మంచివాడు, పని మీద ప్రేమ ఉన్నవాడు. బురద రోడ్డు మీద మోటార్‌సైకిల్ తోసుకుంటూ వచ్చి కూడా నవ్వుతూనే ఉన్నాడు. పిల్లల్ని రెండు జట్లు చేద్దామన్నాడు. నెమ్మదిగా ఉన్నవాళ్ళు 'బేసిక్ గ్రూప్'. వాళ్ళకి బోర్డు పరీక్ష గట్టెక్కడానికి కావలసిన పాఠాలు మాత్రమే తెరుచుకుంటాయి. పదకొండులో సైన్సు వాళ్ళకి సిఫారసు చెయ్యరు. ఆ జట్టులో మొదటి పేరు జానకిది.

"ఈ పిల్ల సైన్సులో అందరికంటే ముందుంటుందండీ" అన్నాను. మా మాటలు హిందీలోనే సాగాయి.

"ప్రతి పాఠానికీ అందరికంటే ఎక్కువ సమయం ఈమెకే పడుతోంది మేడమ్. ఇది నా అభిప్రాయం కాదు, డేటా" అన్నాడు.

"మీ డేటా ఈ పిల్లని ఎప్పుడైనా పలకరించిందా?"

ఆయన నొచ్చుకోలేదు. దీపావళి సెలవుల తర్వాత మళ్ళీ వస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే మార్చక తప్పదనీ చెప్పి వెళ్ళాడు. అంటే జానకికి అంతవరకే గడువు. ఆ సంగతి ఆమెకి అప్పుడే చెప్పలేదు. ముందు నాకు సంగతి తెలియాలి కదా అనుకున్నాను.

తెలిసింది బడిలో కాదు, అడవిలో. మాకు శనివారం బడిసంచి లేని రోజు, అంటే పుస్తకాలు పక్కనపెట్టి బయటి పనులు చేయించాలి. వాన వెలిసిన ఒక శనివారం ఆకులూ బెరళ్ళూ సేకరించడానికి పదో తరగతిని వాగు దాకా తీసుకెళ్ళాను. కాలిబాట ఇరుకు, ఒకరి వెనక ఒకరు నడవాలి. నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను. చూస్తే అందరికంటే ముందు సుక్కి ఉంది. సుక్కికి ఒక కాలు పుట్టుకతోనే కాస్త వంకర, కుంటుతూ నడుస్తుంది. వరస మొత్తం ఆమె అడుగుకి తగ్గట్టే కదులుతోంది. అందరికంటే వెనక జానకి వస్తోంది.

"ఏం జానకీ, కాళ్ళు నొప్పా? ముందుకు రా. దారి నీకు బాగా తెలుసు కదా" అన్నాను.

"తెలుసు గాబట్టే ఎనక నడుస్తున్న మేడం."

"అదేం లెక్కే?"

"మా అయ్య అట్లనే నడిపిస్తడు. మెల్లగ నడిచేటోళ్లు ముంగట, గట్టోళ్లు ఎనక. గట్టోళ్లు ముంగట ఉరికితే ఎనక ఎవరు కూలబడ్డరో ఎట్ల తెలుస్తది? ఎనకుంటే అందరు కనబడ్తరు."

తునికాకుకి వెళ్ళినా, ఇప్పపూలకి వెళ్ళినా, మేనత్త ఊరికి నడిచి వెళ్ళినా వాళ్ళ ఇంట్లో ఇదే వరసట. నాకు కాలిబాట మీదే ఆగిపోవాలనిపించింది. పలకల మీద కూడా ఈ పిల్ల నడుస్తోంది ఈ నడకే కాబోలు అనిపించింది.

సోమవారం ట్యాబ్లెట్ల గంటలో నేను టీవీ వైపు చూడటం మానేసి, కుర్చీ గది వెనక్కి లాక్కుని కూర్చున్నాను. జానకి పాఠం మొదలుపెట్టింది. గబగబా ప్రశ్నలన్నీ చేసేసి, ఆఖరి ప్రశ్న దగ్గర ఆగింది. నీళ్ళ కోసం లేచినట్టు లేచి, తిరిగొచ్చి సుక్కి పక్కన కూర్చుంది. తమ ఇంటి భాష దోర్లీలో ఏదో చెప్పింది. సుద్దముక్కతో నేల మీద గీసింది. సుక్కి పాఠం గట్టెక్కాక ఇంకో పిల్ల దగ్గరికి జరిగింది. అందరి జెండాలూ లేచాక తన చోటికి వచ్చి ఆ ఆఖరి ప్రశ్న నొక్కింది. ఈ తిరుగుడంతా యంత్రం జానకి ఆలోచించిన సమయం కింద కట్టేసింది. నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

సాయంత్రం పిలిచి, బేసిక్ గ్రూప్ సంగతీ బయాలజీ సంగతీ దాచకుండా చెప్పాను. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"రేపట్నించి నీ పాఠం ముందు పూర్తి చెయ్. తర్వాత ఎవరికైనా చెప్పుకో. ఎవరొద్దన్నారు?" అన్నాను.

"నా జెండా లేస్తే సుక్కి పలక మూసేస్తది మేడం."

"అంటే?"

"మొదట్ల నేను ముంగటనే చేసిన. జెండా లేచింది. సుక్కి అది చూసింది, ఇగ నాకు రాదని పలక మూసింది. వారం దాక మల్ల తెరవలే. లేవకుంటనే మంచిదని అప్పుడనుకున్న."

గోడ మీద ఆ టీవీ బిగించేటప్పుడు పిల్లలకి పోటీ, హుషారు అంటూ ఏవేవో చెప్పారు. ఒకరి జెండా ఇంకొకరి మనసు ఎలా కుంగదీస్తుందో ఎవరూ చూడలేదు. పదిహేనేళ్ళ పిల్ల చూసింది. చూసి ఊరుకోలేదు, ఇంత పెద్ద నష్టం కిమ్మనకుండా నెత్తిన వేసుకుంది. ఆ రోజు ఆ పిల్ల మీద నాకు కలిగిన గౌరవం పెద్దవాళ్ళలో ఎవరి మీదా కలగలేదు.

కానీ గౌరవంతో బయాలజీ రాదు. "బోర్డు పరీక్షలో కూడా ఇలాగే కూర్చుంటావా?" అన్నాను కాస్త గట్టిగానే.

"పరీక్షల ముంగటా ఎనకా అని లేదు గద మేడం. ఎవరి కాయితం వాళ్లది" అంది శాంతంగా.

దీపావళి తర్వాత దీపక్ గారు వచ్చారు. నేను వాదన పెట్టుకోకుండా వెనక నా కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గంటసేపు అక్కణ్ణుంచే చూశాడు. తర్వాత జానకిని పిలిచి, ఆఖరి ప్రశ్న ఎందుకు వదిలేస్తున్నావని అడిగాడు. జెండా సంగతి ఆ పిల్ల తనకొచ్చిన హిందీలో చెప్పింది. ఆయన టీవీ వైపు చూశాడు, సుక్కి వైపు చూశాడు. "మేం అడగాల్సిన ప్రశ్న ఇది" అన్నాడు మెల్లగా. అన్న మాట అంతే. వెంటనే తన నియమం తుంగలో తొక్కలేదు, అది నాకు నచ్చింది. అందరికీ కాగితం మీద ఒక పరీక్ష పెడదామన్నాడు.

పెట్టారు. జానకి తల ఎత్తకుండా రాసేసి, కాగితం బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఇస్తానంటే తీసుకుంటానన్నాడాయన. ఇవ్వలేదు. సుక్కి ఇచ్చాక లేచి ఇచ్చింది. దీపక్ గారు అక్కడే దిద్దారు. ఎర్ర పెన్ను తీశారు గానీ, జానకి కాగితంలో దానికి పెద్దగా పని పడలేదు. బేసిక్ గ్రూప్ లోంచి పేరు తీసేశారు. ఎవరి జెండా వాళ్ళ పలక మీదే లేచేట్టు మార్చి, గోడ మీద టీవీలో అవి కనబడకుండా చేశారు.

ఇంకో చిక్కు మిగిలింది. పాఠం ఆలస్యంగా ముగించడం వల్ల జానకికి పై మెట్టు పాఠాలు చాలా తెరుచుకోనే లేదు. రోజూ సాయంత్రం ఒక గంట ఒంటరిగా కూర్చుని ముందుకు పొమ్మన్నాను. పిల్ల బిగదీసుకుంది.

"అప్పుడు సుక్కి ఏం చేస్తది?"

"సుక్కి వాలీబాల్ జట్టుకి స్కోరు చెబుతుంది. నీకంటే పెద్ద గొంతు దానిది. పొద్దుటి గంట వాళ్ళది, సాయంత్రం గంట నీది. దారి తెలిసినవాళ్ళే వెనక నడవాలన్నావు. ముందు దారంతా తెలుసుకోవద్దూ?"

"అయితే సరే" అంది. ఆ సాయంత్రాల్లో ఆ పిల్ల పాఠాల మీద పడిన తీరు చూడాల్సిందే. అన్నాళ్ళూ ఎంత ఆకలి అదుపులో పెట్టుకుందో అప్పుడు తెలిసింది నాకు. యంత్రం కూడా ఆ గంటలో దాని ఘనత చూపించింది. నేను ఒక్కదాన్ని అంతమందిలో అంత పాఠం ఆమెకి చెప్పగలిగేదాన్ని కాదు.

పదో తరగతి అందరూ గట్టెక్కారు. సుక్కి బొటాబొటిగా పాసయి, మిఠాయి మాత్రం ఫస్టు క్లాసు వచ్చినట్టు పంచింది. పదకొండులో జానకి బయాలజీ తీసుకుంది. ఇప్పుడు జగదల్‌పూర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది.

ఒక్కొక్క పిల్లకీ తగిన చదువు అనే మాట ఇప్పుడు ప్రతి శిక్షణలోనూ వింటున్నాను. మంచి మాటే. అయితే ఎవరి దారి వాళ్ళకి వేసేటప్పుడు ఆ పిల్ల ఎవరి కోసం ఆగుతోందో కూడా చూడాలని నేను జానకి దగ్గర నేర్చుకున్నాను. రేపటి కాలానికి పిల్లల్ని సిద్ధం చెయ్యాలంటారు. రేపు ఆ రక్తపు చుక్క చూసే మనిషి, బయట బెంచీ మీద వణుకుతూ కూర్చున్నవాణ్ణి కూడా చూడాలి కదా. అప్పట్నించీ ట్యాబ్లెట్ల గంటలో నా కుర్చీ గది వెనకే ఉంటోంది.

మొన్న సెలవుల్లో జానకి బడికి వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలకి మలేరియా క్రిమి ఎలా కనబడుతుందో బోర్డు మీద గీసి చూపించింది. సాయంత్రం బస్సు కోసం ఇద్దరం రోడ్డు దాకా బయల్దేరాం. ఈమధ్య నాకు మోకాళ్ళు బొత్తిగా సహకరించడం లేదు. కాసేపటికి చూస్తే పక్కన జానకి లేదు, నా వెనక వస్తోంది.

"పక్కకి రావే, మాట్లాడుకుంటూ పోదాం" అన్నాను.

"మీరు నడువుండ్రి మేడం. నేను ఎనక ఉన్న గద" అంది.

నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ముందు నడిచాను.